క్యాప్‌కి కన్నం పెట్టాక దాని పట్టు ఏమవుతుంది? ఒకే నోట్లో రెండు దవడపళ్ళ కేసు

రోగికి అరవై దాటాయి. విశాఖ స్టీల్ ప్లాంటులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు, గాజువాకలో ఉంటారు. షుగర్ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. రెండు ఇబ్బందులతో వచ్చారు. ఎడమవైపు కింది మొదటి దవడపన్ను, అంటే డాక్టర్ల లెక్కలో 36వ నంబరు పన్ను, దాని క్యాప్ తాటి తాండ్ర నములుతుంటే ఊడొచ్చింది. కుడివైపు అదే స్థానంలో ఉన్న 46 వేడి టీ తగిలితే చాలు, సలుపు పెట్టేస్తోంది. చల్లటి నీళ్ళు పుక్కిట పట్టుకుంటే కాసేపు తగ్గుతోంది. రెండు రాత్రులుగా నిద్ర లేదు.

రెండు పళ్ళకీ సుమారు ఏడేళ్ళ కిందట ఒకే చోట క్యాప్‌లు వేయించుకున్నారు. రెండూ పి.ఎఫ్.ఎమ్. రకం: లోపల నికెల్ క్రోమియం లోహం, పైన పింగాణీ. అప్పటికి రెండు పళ్ళలోనూ నరం బతికే ఉంది, పెద్ద ఫిల్లింగులు ఉన్నాయని క్యాప్ వేశారు. ఏడాదిన్నర కిందట 36 నొప్పి చేస్తే వేరే క్లినిక్‌లో క్యాప్ తీయకుండా, దానికే కన్నం పెట్టి రూట్ కెనాల్ చేశారు. ఇప్పుడు ఊడింది అదే.

ఈ కేసు రాయడానికి కారణం ఇదే. రెండు క్యాప్‌లదీ ఒకే వయసు, ఒకే ల్యాబ్ పని. ఒకదానికి కన్నం పెట్టి వైద్యం చేశాక అది ఊడిపోయింది. రెండోదానికి ఇప్పుడు నేను కన్నం పెట్టాలి. మొదటిది ఎందుకు ఊడిందో తెలుసుకోకుండా రెండోదాని మీద బర్ (డ్రిల్ మొన) పెట్టడం సరికాదనిపించింది.

ఊడిన క్యాప్‌లో కనిపించింది

కాగితంలో చుట్టి తెచ్చిన క్యాప్‌ని లూప్స్ (భూతద్దాల కళ్ళజోడు) పెట్టుకొని చూశాను. నమిలే ఉపరితలం మధ్య కన్నం చాలా పెద్దది. బుగ్గవైపు మొనల దగ్గర్నుంచి నాలుక వైపు మొనల దాకా వెళ్ళింది, పైన మిగిలింది ఒక లోహపు వలయం మాత్రమే. కన్నంలో తెల్లటి కాంపోజిట్ (పంటిరంగు ఫిల్లింగ్ పదార్థం) బిళ్ళ ఒకటి ఇరుక్కుని ఉంది. మందం 2 మిల్లీమీటర్లకి మించదు. అది క్యాప్‌తోపాటే వచ్చేసింది, పంటికి అంటుకున్న ఆనవాలే లేదు. దాని అడుగున గోధుమరంగుకి తిరిగిన దూది ఉండ, ముక్కు దగ్గరికి తెస్తే దుర్వాసన. క్యాప్ లోపలి గోడల మీద సిమెంట్ అక్కడక్కడా పొడిపొడిగా రాలుతోంది. అంచు దగ్గర ఒకవైపు పూర్తిగా కరిగిపోయింది.

నోట్లో పన్ను చూస్తే కథ పూర్తయింది. పల్ప్ చాంబర్ (పంటి లోపల నరం ఉండే గది) మొత్తం ఖాళీ. అడుగున గట్టాపెర్చా (వేర్లలో నింపే రబ్బరులాంటి పదార్థం) గులాబీ చుక్కలు లాలాజలంలో తడుస్తూ కనబడుతున్నాయి. క్యాప్ కోసం చెక్కిన మొద్దు ఎత్తు పెరియోడాంటల్ ప్రోబ్‌తో కొలిస్తే బుగ్గవైపు 3 మిల్లీమీటర్లే. దవడపంటికి కనీసం 4 ఉండాలని మనం చదువుకున్నాం. గోడలు కూడా పైకి పోనుపోను బాగా లోపలికి వంగాయి. అంటే ఈ క్యాప్‌కి మొదటినుంచీ పట్టు తక్కువ. నరం బతికున్నన్నాళ్ళూ లోపల గట్టి డెంటిన్ (ఎనామిల్ కింద ఉండే పంటి పదార్థం) ఉండి, నమిలే ఉపరితలం కింద కూడా సిమెంట్ ఉండి, ఎలాగో నిలిచింది. కన్నం పెట్టగానే ఆ పైభాగపు సిమెంట్ పోయింది. మధ్యనున్న డెంటిన్ పోయి మొద్దు బోలు అయింది. నమిలినప్పుడల్లా పలచటి గోడలు కొద్దిగా వంగడం మొదలయ్యాయి. పెళుసు సిమెంట్ ఆ వంపుని ఎన్నాళ్ళో ఓర్చుకోలేదు.

డ్రిల్లింగ్ అప్పుడు పుట్టే కంపనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. లోహాన్ని అరిగిపోయిన బర్‌తో, అదిమి పెట్టి కోస్తే ఆ అదురు నేరుగా సిమెంట్ పొరలోకి వెళ్తుంది. అక్కడ పడ్డ సన్న పగుళ్ళు ఆ రోజు కనబడవు. క్యాప్ కదలదు, రోగి సంతోషంగా వెళ్ళిపోతాడు.

తీసేసిన పళ్ళ మీద క్యాప్‌లు అతికించి, యంత్రంతో లాగి, ఎంత బలానికి ఊడుతున్నాయో కొలిచిన ల్యాబ్ పరీక్షలు 1990ల నుంచీ ఉన్నాయి. ముందరి పళ్ళ మీదా చేశారు, దవడపళ్ళ మీదా చేశారు. వాటిలో తేలింది స్థూలంగా ఇది: రూట్ కెనాల్ కోసం కన్నం పెట్టగానే క్యాప్ పట్టు తగ్గింది. ఆ కన్నాన్నీ చాంబర్‌నీ అమాల్గంతో (పాదరసం కలిసిన వెండిరంగు ఫిల్లింగ్) దట్టించి నింపితే ఆ పట్టు మొదటి స్థాయికి వచ్చింది, కొన్నిటిలో అంతకు మించింది కూడా. ల్యాబ్‌లో లాలాజలం ఉండదు, తాండ్రా ఉండదు, కాబట్టి ఆ అంకెల్ని యథాతథంగా నోట్లోకి తెచ్చుకోలేం. కానీ దిశ మాత్రం స్పష్టం. కన్నం పెట్టడం వల్ల పోయే పట్టుని దాన్ని నింపే తీరుతో వెనక్కి తెచ్చుకోవచ్చు. 36లో జరగనిది ఇదే. కన్నాన్ని మూశారు గానీ నింపలేదు.

అమాల్గం ఎందుకంత బాగా పనిచేసిందో ఆలోచిస్తే, దానికి పంటితో అంటుకునే గుణమేమీ లేదు. పల్ప్ చాంబర్ కింద వెడల్పుగా, పైన క్యాప్‌లోని కన్నం ఇరుగ్గా ఉంటుంది. కుక్కి నింపిన లోహం గట్టిపడ్డాక కింది మూలల్లో చిక్కుకొని, పైన క్యాప్ గోడల్ని పట్టుకొని, రెండింటినీ కలిపి బిగిస్తుంది. ఇదంతా ఎక్స్‌రే మీద గీసి చూపిస్తూ ఆయనకి చెబుతుంటే, "అంటే షాఫ్ట్‌కీ పుల్లీకీ మధ్య కీ కొట్టినట్టు అన్నమాట, డాక్టరుగారూ. కీ లూజైతే పుల్లీ తిరిగిపోద్ది" అన్నారు. ఇన్నేళ్ళలో ఈ విషయాన్ని ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పగా నేను వినలేదు. అప్పటినుంచి మా క్లినిక్‌లో వేరే రోగులకి కూడా ఇదే చెబుతున్నాను.

46: తీయాలా, కన్నం పెట్టాలా

నొప్పి తీరు, తట్టినప్పుడు బాధ, ఎక్స్‌రేలో వేరుకొన చుట్టూ కాస్త వెడల్పయిన లిగమెంట్ (పంటిని ఎముకకి పట్టి ఉంచే పొర) నీడ, ఇవన్నీ కలిపి చూస్తే నరం కోలుకోలేని వాపులో ఉంది. రూట్ కెనాల్ తప్పదు. క్యాప్ సంగతేమిటి?

కోసి తీసేస్తే కింద ఏముందో పూర్తిగా కనబడుతుంది. పుచ్చు దాగి ఉంటే దొరుకుతుంది. అంచు దగ్గర ఏమాత్రం అనుమానం ఉన్నా నేను తీసేయమనే అంటాను. కానీ 46 దగ్గర అనుమానించడానికి ఏమీ దొరకలేదు. సన్నటి ఎక్స్‌ప్లోరర్‌ని అంచు చుట్టూ తిప్పితే ఎక్కడా తట్టుకోలేదు. బైట్‌వింగ్ ఎక్స్‌రేలో రెండు పక్కలా అంచులు పంటికి సరిగ్గా కూర్చున్నాయి. క్యాప్‌ని వేలితో అదిమి వదులుతూ అంచు దగ్గర లాలాజలపు బుడగలు వస్తాయేమో చూశాను, రాలేదు. ఈ చివరి పరీక్షకి నిమిషం కూడా పట్టదు, సిమెంట్ కరిగిపోయిన క్యాప్‌ని అక్కడికక్కడే పట్టిస్తుంది. అయినా మనలో చాలామంది చేయరు.

మొద్దు ఎత్తు అంచనా వేయడం ముఖ్యం. క్యాప్ కింద ఉన్నదాన్ని కొలవలేం కానీ లెక్క కట్టవచ్చు. బుగ్గవైపు అంచు నుంచి మొన దాకా క్యాప్ ఎత్తు 6.5 మిల్లీమీటర్లు. పైన లోహం, పింగాణీ కలిపి 2 తీసేసినా మొద్దు 4.5 దాకా ఉంటుంది. 36కీ దీనికీ ఇక్కడే తేడా. ఎత్తయిన, నిటారు గోడలున్న మొద్దు మీద క్యాప్‌కి ప్రధానమైన పట్టు పక్కగోడల నుంచే వస్తుంది, పైన కన్నం పడితే పోయేది తక్కువ. పొట్టి మొద్దు మీద ఆ కొంచెం కూడా పెద్ద నష్టమే. 46 కూడా 3 మిల్లీమీటర్లే అయ్యుంటే ఆయన ఎంత బతిమాలినా క్యాప్ తీసేసేవాణ్ణి.

కన్నం పెట్టి చేద్దామని నిర్ణయించాం. పింగాణీ చిట్లవచ్చని, క్యాప్ ఎప్పుడైనా వదులు కావచ్చని, లోపల పుచ్చు దొరికితే మధ్యలోనే క్యాప్ తీసేయాల్సి రావచ్చని ముందే చెప్పి, రాయించుకొని సంతకం తీసుకున్నాను.

కన్నం పెట్టడం

2 శాతం లిగ్నోకైన్‌తో బ్లాక్ (ఆ వైపు దవడ నరాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్) ఇచ్చాను. ఇలాంటి వేడిమీదున్న నరానికి అదొక్కటే చాలదు. బుగ్గవైపు 4 శాతం ఆర్టికైన్ కూడా ఇచ్చాక నొప్పి పూర్తిగా ఆగింది.

రబ్బర్ డ్యామ్ (పంటిని లాలాజలం నుంచి వేరుచేసే రబ్బరు పలక) క్లాంప్‌ని 46 మీద పెట్టలేదు. పింగాణీ అంచుని క్లాంప్ కొరికితే చిట్లుతుంది. వెనకున్న 47 మీద బిగించి, రెండు పళ్ళూ బయటికి వచ్చేలా డ్యామ్ వేశాను. ఎడ్జ్ చిట్లకుండా పింగాణీని కొత్త గుండ్రటి డైమండ్ బర్‌తో, ధారాళంగా నీళ్ళు వదులుతూ, అదమకుండా తాకించి తీస్తూ కోశాను. లోహం కనబడ్డాక క్రాస్‌కట్ టంగ్‌స్టన్ కార్బైడ్‌కి మారాను. అదీ ప్యాకెట్ విప్పిన కొత్తదే. ఒక్క బర్ దగ్గర పొదుపు చేసి సిమెంట్ పొరని పగలగొట్టుకోవడం లాభసాటి బేరం కాదు. క్యాప్ జిర్కోనియా (గట్టి తెల్లటి సిరామిక్) అయితే అంతా డైమండ్‌తోనే పని, ఇంకా నెమ్మదిగా. దానికి వేడి తగిలితే కంటికి కనబడని పగుళ్ళు వస్తాయి.

క్యాప్ ఆకారాన్ని నమ్మి దిశ పెట్టుకోకూడదు. ల్యాబ్‌వాళ్ళు నమిలే ఉపరితలాన్ని ఎదురుపంటికి సరిపోయేలా చేస్తారు తప్ప కింద పన్ను వాలుని చూపడానికి కాదు. కింది దవడపళ్ళు సాధారణంగా నాలుక వైపు వాలి ఉంటాయి. పల్ప్ చాంబర్ ఎప్పుడూ పంటి మెడ దగ్గర దాని మధ్యలో ఉంటుంది కనుక, ప్రోబ్‌తో మెడ చుట్టూ తడిమి, ఆ మధ్యబిందువుని ఊహించుకొని దిగాను.

కన్నం ఎంత ఉండాలి? 36లో చూసింది కళ్ళముందే ఉంది కాబట్టి ఇరుగ్గా పెట్టాలనే కోరిక సహజం. కానీ మరీ ఇరుకైతే కెనాల్ (వేరులో నరం ఉండే గొట్టం) తప్పిపోతుంది. తప్పిన కెనాల్ ఉన్న పంటి మీద క్యాప్ ఎంత గట్టిగా నిలిచినా ప్రయోజనం ఉండదు. మెసియల్ (ముందు) వైపు మొదలుపెట్టి, చాంబర్ పైకప్పు పూర్తిగా తొలగించి, ఫైళ్ళు (కెనాల్ శుభ్రం చేసే సన్నటి సూదులు) వంగకుండా దిగేంత మాత్రమే వెడల్పు చేశాను. మెసియల్‌లో రెండు, డిస్టల్ (వెనక) వైపు రెండు, మొత్తం నాలుగు కెనాల్స్ దొరికాయి. కన్నం వెడల్పు ఎక్కువ ఉన్నచోట 4 మిల్లీమీటర్లు దాటలేదు. క్యాప్ మొనలూ అంచు గట్లూ చెక్కుచెదరలేదు. లోపల పుచ్చు లేదు. పాత ఫిల్లింగ్ గట్టిగా ఉంది.

లోహపు క్యాప్ ఉన్న పంటిలో ఏపెక్స్ లొకేటర్ (కెనాల్ పొడవు కొలిచే యంత్రం) తప్పుడు రీడింగ్ ఇవ్వవచ్చు. ఫైలు లోహానికి తగిలినా, చాంబర్‌లో హైపోక్లోరైట్ (కెనాల్ కడిగే ద్రవం) నిండి ఉన్నా కరెంటు అటు పారిపోతుంది. చాంబర్‌ని దూదితో ఒత్తి తడి తీసి, కెనాల్‌లో మాత్రం తడి ఉంచి, ఫైలు గోడకి తగలకుండా పట్టుకుంటే సరైన లెక్క వచ్చింది. ఎక్స్‌రేతో సరిచూసుకున్నాను. 3 శాతం హైపోక్లోరైట్‌తో కడగడం, 17 శాతం ఈడీటీఏ, ఇవన్నీ మామూలుగానే.

మొదటి సిట్టింగ్‌లో కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి మూశాను. మధ్యలో దూది బదులు పలచగా టెఫ్లాన్ టేపు, దాని మీద గ్లాస్ అయోనమర్. తాత్కాలిక ఫిల్లింగ్‌లో దూది కుళ్ళుతుంది, పైన వేసే ఫిల్లింగ్‌కి చోటు మిగల్చదు. జిప్సం తరహా మెత్తటి తాత్కాలిక మందుకి నిండా 3.5 మిల్లీమీటర్ల మందం లేకపోతే అది లాలాజలాన్ని ఆపదు. మన దగ్గరికి విజయనగరం, శ్రీకాకుళం, అరకు వైపు నుంచి వచ్చేవాళ్ళు నొప్పి తగ్గగానే రెండో సిట్టింగ్‌కి రాకపోవడం తెలిసిందే. వారానికని పెట్టిన తాత్కాలిక ఫిల్లింగ్ ఆరునెలలు నోట్లో ఉండిపోతుంది. అందుకే తాత్కాలికానికి కూడా గట్టిదే వాడాలనేది నా పట్టుదల. అప్పటిదాకా ఆ వైపు తాండ్ర, మాడుగుల హల్వా వంటివి వద్దని చెప్పాను.

నింపడం

ఇక్కడ తీసుకునే నిర్ణయాలన్నీ అంతకుముందే, సీలర్ (గట్టాపెర్చాని కెనాల్ గోడలకి అతికించే మందు) ఎంచుకునేటప్పుడే మొదలవుతాయి. కన్నాన్ని కాంపోజిట్‌తో అతికించాలనుకుంటే జింక్ ఆక్సైడ్ యూజెనాల్ సీలర్ వాడకపోవడమే మంచిది. గోడల మీద మిగిలిన యూజెనాల్ కాంపోజిట్‌లోని రెసిన్ గట్టిపడడాన్ని అడ్డుకుంటుంది. చవక, అలవాటు కాబట్టి ఇప్పటికీ చాలా క్లినిక్‌లలో అదే నడుస్తోంది. వాడేవాళ్ళు కనీసం చాంబర్ గోడల్ని స్పిరిట్‌తో బాగా తుడిచి, పైపొర డెంటిన్‌ని కాస్త గీకి తీయాలి. 46లో బయోసెరామిక్ సీలర్ వాడాను. గట్టాపెర్చాని కెనాల్ ద్వారాల కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి కత్తిరించాను, ఆ కొద్ది లోతు కూడా పట్టుకి ఉపయోగపడుతుంది.

హైపోక్లోరైట్‌ది మరో చిక్కు. అది వదిలే ఆక్సిజన్ డెంటిన్ మీద ఉండగా బాండింగ్ (కాంపోజిట్ పంటికి అతుక్కోవడం) బలహీనపడుతుంది. అందుకే చివరి కడుగు హైపోక్లోరైట్‌తో ఆపకుండా ఈడీటీఏతో, ఆ తర్వాత మంచినీళ్ళతో ముగించాను.

తర్వాత 50 మైక్రాన్ల అల్యూమినాతో నోట్లోనే ఇసుకపిచికారీ చేశాను. దాంతో చాంబర్ గోడల మీద సీలర్ మరకలు పోయాయి, కోసిన లోహం గరుకైంది. చాంబర్‌ని టెఫ్లాన్‌తో కప్పి, పైన పింగాణీ అంచుకి మాత్రం హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పెట్టాను. చిగురుకి గానీ డెంటిన్‌కి గానీ అది తగలకూడదు. రబ్బర్ డ్యామ్ లేకుండా ఈ పని చేయడం ప్రమాదం, ఎవరూ చేయకండి. కడిగేశాక టెఫ్లాన్ తీసి డెంటిన్‌కి ఫాస్ఫోరిక్ యాసిడ్, పింగాణీకి సైలేన్ అనే అతుకు మందు, లోహానికి దాన్ని పట్టుకునే ఎండీపీ అనే రసాయనం ఉన్న ప్రైమర్, ఆ తర్వాత అన్నిటి మీదా అడ్హెసివ్ (జిగురు). క్యాప్ జిర్కోనియా అయితే ఫాస్ఫోరిక్ యాసిడ్ దాన్ని తాకకుండా చూసుకోవాలి. ఫాస్ఫేట్ వెళ్ళి జిర్కోనియాని ముందే పట్టేసుకుంటే ఎండీపీకి చోటుండదు.

సముద్రం పక్కనున్న ఊరు మనది. వర్షాకాలంలో ఏసీ వేసినా గాలిలో తేమ తగ్గదు, దానికి రోగి ఊపిరి తోడు. బాండింగ్ చేసేటప్పుడు రబ్బర్ డ్యామ్ విలువ నాకు ఆ నెలల్లోనే ఎక్కువ తెలుస్తుంది.

క్యాప్ పైనుంచి చాంబర్ అడుగు దాకా లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. కాంపోజిట్‌ని గట్టిపరిచే లైట్ కొన పైనుండగా అడుగున పడే వెలుగు చాలా తగ్గిపోతుంది, లోహపు గోడలు పక్కనుంచి వెలుగుని రానివ్వవు. అందుకని కింద ఫ్లో అయ్యే బల్క్‌ఫిల్ కాంపోజిట్‌ని పలచగా వేసి, కంపెనీ చెప్పిన సమయానికి రెట్టింపు లైట్ కొట్టాను. ఆ పైన ఫైబర్ కలిసిన కాంపోజిట్‌ని పొరలుగా కట్టాను. ఇలాంటి లోతైన గుంటలో ఒకేసారి నింపితే కాంపోజిట్ ముడుచుకుంటూ గోడల నుంచి లాక్కుంటుంది. పొరకో 2 మిల్లీమీటర్లు, ఒక్కోసారి ఒక్కో గోడని మాత్రమే పట్టుకునేలా వేస్తే ఆ లాగుడు తగ్గుతుంది. లైట్ లేకపోయినా గట్టిపడే డ్యుయల్ క్యూర్ కోర్ వాడితే లైట్ సమస్య లేదు కానీ, కొన్ని ఆమ్లగుణపు అడ్హెసివ్‌లతో అది సరిగ్గా అతకదు. ఒకే కంపెనీ జత వాడడం, అవసరమైతే యాక్టివేటర్ కలపడం తప్పనిసరి. చివర్లో లోహం నీడ కనబడకుండా ఓపేకర్, దాని మీద గట్టి కాంపోజిట్. 40 మైక్రాన్ల కాగితంతో కాటు సరిచూసి, ఫిల్లింగ్ మీద నేరుగా బరువు పడకుండా పాలిష్ చేశాను.

అమాల్గం ఎందుకు వాడలేదని తోటి డాక్టర్లు అడుగుతుంటారు. పట్టు విషయంలో దాని మీద నాకు గౌరవమే. కానీ పాదరసం వాడకాన్ని తగ్గించాలన్న 2013 మినమాటా ఒప్పందం తర్వాత మా క్లినిక్‌లో మెల్లగా మానేశాం. గ్లాస్ అయోనమర్ పంటికి తనంతట అంటుకుంటుంది, ఫ్లోరైడ్ ఇస్తుంది, కానీ లాగుడు బలానికి నిలవదు. పొట్టి మొద్దు మీద క్యాప్‌ని పట్టి ఉంచే బాధ్యత దాని ఒక్కదాని మీదే పెట్టలేం.

36 ఏమైంది

లాలాజలంలో తడిసిన గట్టాపెర్చాని అలాగే ఉంచి మీద కొత్త క్యాప్ వేయడానికి మనసొప్పలేదు. తెరిచి ఉన్న రూట్ ఫిల్లింగ్‌లోకి సూక్ష్మజీవులు కొన్ని వారాల్లోనే పాకుతాయని ల్యాబ్‌లలో చూపారు. 1995లో రే, ట్రోప్ అనే పరిశోధకులు 1010 పళ్ళ ఎక్స్‌రేలు పరిశీలించి, వేరుకొన ఆరోగ్యానికి లోపలి రూట్ ఫిల్లింగ్ కంటే పైకట్టు (పైన వేసే ఫిల్లింగ్ లేదా క్యాప్) నాణ్యతతో ఎక్కువ సంబంధం ఉందన్నారు. తర్వాత వచ్చిన పరిశోధనలు రెండూ సమానంగా ముఖ్యమేనన్నాయి. ఎలా చూసినా పైకట్టుని తేలిగ్గా తీసుకునే వీల్లేదు. రీట్రీట్‌మెంట్ (రూట్ కెనాల్ మళ్ళీ) చేసి, పోస్ట్ (వేరులో దించే కడ్డీ) లేకుండానే చాంబర్ లోతుని వాడుకొని కాంపోజిట్ కోర్ కట్టాను. పాత అంచుని చిగురు ఆరోగ్యం దెబ్బతినకుండా కొద్దిగా కిందికి జరిపి, చుట్టూ 2 మిల్లీమీటర్ల గట్టి పంటిని క్యాప్ పట్టుకునేలా చూశాను. ఎత్తు ఇంకా తక్కువే కాబట్టి మెసియల్, డిస్టల్ గోడల్లో నిలువు గాళ్ళు చెక్కాను. కొత్త పి.ఎఫ్.ఎమ్. క్యాప్‌ని సెల్ఫ్ అడ్హెసివ్ రెసిన్ సిమెంట్‌తో అతికించాను. పాత క్యాప్‌నే మళ్ళీ అతికించమని ఆయన మొదట అడిగారు, ఖర్చు గురించి. కాంపోజిట్ బిళ్ళ తీసేసి ఆ లోహపు వలయాన్ని చేతిలో పెట్టాక ఆయనే వద్దన్నారు.

ఏడాది తర్వాత

ఆరు నెలలకీ ఏడాదికీ చూశాను. 46 చుట్టూ చిగురు లోతు ఎక్కడా 3 మిల్లీమీటర్లు దాటలేదు. వేరుకొన దగ్గర లిగమెంట్ నీడ మామూలైంది. అదిమి చూస్తే బుడగలు లేవు. కాంపోజిట్, పింగాణీ కలిసే గీత దగ్గర బుగ్గవైపు సన్నటి టీ మరక ఉంటే పాలిష్ చేశాను, మెట్టు గానీ సందు గానీ లేదు. 36 కూడా స్థిరంగా ఉంది. రెండువైపులా నములుతున్నారు.

46 క్యాప్ ఇప్పటికే ఎనిమిదేళ్ళది. అది ఎప్పటికీ ఊడదని నేను ఆయనకి మాట ఇవ్వలేదు. ఊడినా లోపలి కోర్ పంటికి అతికి ఉంటుంది, రూట్ ఫిల్లింగ్‌కి లాలాజలం తగలదు, దాని మీదే కొత్త క్యాప్‌కి కొలత తీసుకోవచ్చు. చాంబర్‌లో ఏ మందు ఉంది, ఏ సీలర్, ఏ అడ్హెసివ్ వాడాం అన్నది ఆయన కార్డు మీద రాసిచ్చాను. రేపు ఏ ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా క్యాప్ కింద ఏముందో ఊహించుకోవాల్సిన పని ఉండదు.